పెగ్గుకో గుళిక

నాన్నా,

వంట చేసి పెట్టాను. ముందు తిను, తర్వాత నన్ను తిట్టుకో.

నీ బలం గుళికల డబ్బాలు రెండూ నేనే పట్టుకెళ్తున్నాను, ఇల్లంతా వెతక్కు. పెగ్గుకో గుళిక మింగితే తాగిందంతా కొట్టుకుపోతుందని నీకు చెప్పింది ఎవరు? నువ్వు రంగులు కొనే కొట్టాయన! నిన్న డాక్టరమ్మ నీ రిపోర్టూ, ఈ డబ్బా చూసి, "ఇవి ఎవరు వాడమన్నారు?" అని నన్ను నిలదీసింది. వాటిలో ఎ విటమిన్ మోతాదు మించి ఉందట. తాగేవాళ్ల లివర్‌ని అది ఇంకా పాడుచేస్తుందట. నువ్వేమో "నూరేళ్లు బతుకుతా చూడు" అంటూ అమ్మ ముందే గ్లాసెత్తి మరీ మింగావు.

డబ్బా మీది సన్నక్షరాలు చదవమన్నావు, చదివాను. "మద్యం తాగేవారు వాడరాదు" అనేసరికి, "చాల్లే, ఇంటికో పెద్ద చదువరి తయారైంది" అని లాక్కున్నావు. ఈ ఇంట్లో డిగ్రీ నాకొక్కదానికే ఉంది. అది నీకు ఎగతాళికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

సీసా కూడా పారబోశాను. అరవాలంటే సాయంత్రం నామీద అరుచుకో, అమ్మ జోలికి వెళ్లకు. సోమవారం మళ్లీ రక్తపరీక్ష. ఈలోపు చుక్క ముట్టావో, ఆసుపత్రికి ఒక్కడివే పో.

అన్నట్టు, పరీక్షకి పరగడుపున వెళ్లాలి. ఏడింటికల్లా తయారుగా ఉండు. సెలవు పెట్టేశాను. దారిలో మాత్రం నాతో మాట్లాడకు.