ఉతకని చీరలు

మార్తక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదు. అయినా నా కోపం ఇంకెవరితో చెప్పుకోను?

మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల భవనం పక్కన, కూలి తల్లుల పిల్లల కోసం నువ్వు పెట్టిన రేకుల బాల్వాడి ఇంకా నడుస్తోంది. ప్రతి తల్లినీ ఒక పాత చీర అడిగి, ఉతక్కుండా పిల్లలకు పక్క వేసేదానివి. "అమ్మ వాసన ఉంటే భయం పోతుంది. భయం పోయాకే పాటలూ, అంకెలూ" అనేదానివి.

నిన్న పెద్దలెవరో చూడటానికి వస్తున్నారని, నీ చోట వచ్చిన కొత్త మేడమ్ ఆ చీరలన్నీ తగలబెట్టించింది. "మాసిన గుడ్డలు ఫోటోల్లో ఏం బాగుంటాయండీ?" అంది. తెల్ల దుప్పట్లు నాచేతే పరిపించింది. నోరు మూసుకుని పరిచాను. ఒక్క పిల్లా పడుకోలేదు. రెండేళ్ల మల్లి ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంది. ఫోటోలు దిగిన పెద్దలు పిల్లలకు క్రమశిక్షణ లేదని చెప్పి కారెక్కారు!

సాయంత్రం మల్లి తల్లి ఎల్లమ్మ మేడమ్‌ను నిలదీసింది. "గది మాసిన గుడ్డ గాదు మేడం, నా చెమట. నా బిడ్డ దాన్ని పట్టుకునే పండుతది."

ఇవాళ పొద్దున ఎల్లమ్మ కట్టుకున్న చీర కొంగే చింపి నా చేతిలో పెట్టింది. దాన్ని మల్లి పక్క మీద పరిస్తే తీసెయ్యమంది మేడమ్.

"ముందు నన్ను తీసెయ్యండి" అన్నాను.

మధ్యాహ్నం మల్లి హాయిగా పడుకుంది, అక్కా.

నీ నీలం చీర నా దగ్గరే ఉంది. ఏడాదిగా ఉతకలేదు.