ఇలోనా ఆంటీకి సన్మానం

మౌంట్ రాస్కిల్,
మార్చి 2014

శరణ్యక్కకి,

ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ ఉత్తరంలో చేతిరాత, భాష, తమ్ముడు మూడూ నాసిరకమే. ఇక్కడ నా జలుబుతో సహా అందరం బాగున్నాం. అక్కడ బావా, బంటిగాడూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను.

నీ ప్రశ్నలకి జవాబులు. అవును, వంట నేనే. ఇంటి ఓనరు ఇలోనా ఆంటీ నా పప్పుచారుకి అలవాటు పడింది. పదహారేళ్లప్పుడు హంగరీ నుంచి నాజీల క్యాంపుకి తోలుకుపోతే బతికి బయటపడిన యూదు మనిషని రాశాను కదా, ఆమే. ఇక, ఫంక్షన్ వీడియో ఎందుకు పంపలేదన్నావు.

మహిళా దినోత్సవం నాడు ఎవరో ఒకరికి శాలువా కప్పకపోతే మన తెలుగు సంఘానికి నిద్రపట్టదు. ఈసారి కార్యదర్శి శ్రీనివాసమూర్తి అంకుల్ మా ఆంటీని ఎంచుకున్నారు. ఆమె రానంది. బతిమాలితే, క్యాంపు మాట ఎత్తకూడదన్న షరతుతో ఒప్పుకుంది. కూతురు రూత్‌ని వెంటబెట్టుకొచ్చింది.

శాలువా అయింది, దండ అయింది. తర్వాత ఇంగ్లిష్‌లో సన్మాన ప్రసంగం. చదివినవాడు గొంతు వణికించి మరీ చదివాడు: క్యాంపు నుంచి మంచులో నడిపిస్తుంటే చెల్లెలు కూలబడిందట, "నువ్వైనా బతుకక్కా" అంటూ తన బూట్లు విప్పి ఇచ్చిందట. హాలంతా చప్పట్లు.

ఆంటీ లేచి మైకు అందుకుంది.

"అది ఇవ్వలేదు. నేనే లాక్కున్నాను. అప్పటికింకా ప్రాణంతో ఉంది. వెనకనుంచి పిలుస్తూనే ఉంది."

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రూత్ మెల్లగా అడిగింది. "నీకు చెల్లెలుందా, అమ్మా?"

శాలువా కుర్చీలో వదిలేసి ఇద్దరూ వెళ్లిపోయారు. ఇంటికొచ్చాక ఆంటీ నాతో ఒక్కసారే మాట్లాడింది. "ఆ రోజుల్లో పక్కింటివాళ్లు మమ్మల్ని నాజీలకి పట్టించారంటే అర్థం చేసుకున్నాను. నువ్వు నా వంటింట్లో నాతో కలిసి తిన్నావు." గది ఖాళీ చేయమనలేదు. పప్పుచారు మాత్రం ముట్టడం లేదు.

అంకుల్‌ని తిట్టిపోద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను అక్కా. కానీ ఆయన ముందే చెప్పారు, "రెండు ముక్కలు చాలు బిడ్డా, ముసలామెను ఏడిపియ్యకు" అని. ప్రసంగం రాసిందీ చదివిందీ నేనే. బూట్ల సంగతి ఆమె ఈ లోకంలో నాకొక్కడికే, ఉన్నదున్నట్టు చెప్పుకుంది. అలాగే చదివితే చప్పట్లు పడవని ఆ చెల్లెలి చేత బూట్లు నేనే ఇప్పించాను.

ఇట్లు,
నీ తమ్ముడు
ధీరజ్