మేరీ పాదాల సంగతి

సుగుణా,

చివరి రోజు పొద్దున నువ్వే వంటింట్లోకి నడిచి కాఫీ కలిపావు. మధ్యాహ్నానికి గుండె ఆగింది.

నిన్నటికి ఏడాది. ప్రార్థనకు కోట ఊరి నుంచి మా చెల్లెలు మేరీ వచ్చింది. ఆమెకూ నీ కీళ్లవాతమే. పాదాలకు ఆపరేషన్ చేయాలన్నారట.

"వదినకు ఆపరేషనైనా కాలివేళ్లు మళ్లీ వంకరపోయినాయి గదన్నా. ఇంకెందుకు కోయించుకునేది?"

వంకరపోయిన మాట నిజమేనన్నాను. ఆపరేషన్‌కు ముందు నువ్వు చర్చి మానేస్తే భక్తి తగ్గిందని దెప్పాను. చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిస్తే గులకరాళ్ల మీద నడిచినట్టుందని చాన్నాళ్లకు గానీ నువ్వు చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత పన్నెండేళ్లు ఉత్త కాళ్లతోనే లోపలికి నడిచావు. అదీ మేరీకి చెప్పాను.

"అయితే నువ్వు తోడు రా. మా ఆయన సూది చూస్తేనే పడిపోతాడు," అంది.

నువ్వు పోయాక, నీ పాదాలకు ఆపరేషన్ చేసిన ఆ ఆసుపత్రి వైపు వెళ్లలేదు. రేపు పొద్దున మేరీని అక్కడికి తీసుకెళ్తాను.