నాయన జట్టుకు నా పాట

ఆదివారం రాత్రి

ఎప్పుడో విడిపోయిన నాయన చెక్కభజన జట్టు కొత్త ఆల్బం కోసం మళ్లీ కలిసింది. ఈ సాయంత్రం ఊళ్లో నేను రాసిన పాట పాడి చూశారు. చరణాలు మరీ పొడవు. అందరి అడుగులూ తప్పాయి.

"ఏమప్పా, ఇన్నేండ్లు కాసుకోనుండేది దీనికేనా? కొత్తదైనా పాతదాని మాదిరే ఉండాల!" అని జనంలోంచి అరిచాడు ఖాదర్ మామ. పాత పాట ఎత్తుకోగానే జనమంతా గొంతు కలిపారు. సిగ్గేసినా నేనూ కలిపాను.

ఇంటికొచ్చాక నాయన, "మాటలు బాగుండాయి పాపా. అడుగేసేకే చోటు లేదు," అన్నాడు. రికార్డింగు ఎల్లుండే.

ఎంతో ఇష్టపడి రాసుకున్న "మేఘమాలిక"ను ఇప్పుడే కొట్టేశాను. దాని చోట మబ్బుకు మా ఊరి మాట "మోడం" అని రాసి, మెల్లగా పాడుకున్నాను. పక్క మంచం మీద దుప్పటి కింద నాయన కాలు అడుగు వేసింది. నిద్రలోనో, వింటూనో...