సుందర్ ఎంచుకున్న ఆట

నోవై, అమెరికా, 10 జూన్ 1984

తమ్ముడు దైవాశీర్వాదానికి,

అందరం కులాసా. మన సుందర్‌కి కాలేజీ అవుతూనే రెండు ప్రొఫెషనల్ జట్ల నుంచి పిలుపొచ్చింది, ఒకటి బేస్‌బాల్, ఒకటి ఫుట్‌బాల్. ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఒకరి మీద ఒకరు పడి గుద్దుకుంటారు. వాడికి ప్రాణం అదే. మీ బావా అదే ఆడమన్నారు. నిన్న భోజనాల దగ్గర, బేస్‌బాల్‌కి సైన్ చేశానన్నాడు. ఎందుకురా అన్నాను.

"నా ఫుట్‌బాల్ గేమ్స్ అన్నీ నువ్వు కళ్ళు మూసుకునే చూశావు మమ్మీ. ఇంక ఓపెన్ చేసి చూడు" అన్నాడు.

నేనెప్పుడూ వాణ్ణి వద్దనలేదురా తమ్ముడూ. కూర వడ్డిస్తూ ఏడ్చేశాను.

మరదలు విమలకి పురుడెప్పుడు? ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు పంపు. పిల్లలకు ముద్దులు. ఆట మానుకున్నందుకు వాడెన్నడూ బాధపడకూడదని ప్రార్థన చేయండి.

మీ అక్క,
దేవకుమారి