మాధవరెడ్డి మింగేసిన మేనత్త

శామీర్‌పేట, గురువారం, 2005

మాధవరెడ్డి బుద్ధిమంతుడని నిన్న ఇదే డైరీలో రాశాను. ఆ మాట ఇప్పుడే కొట్టేశాను.

ఆరు నెలలు ఊళ్లు తిరిగి వాళ్ల వంశవృక్షం రాసిచ్చాను. అతని మేనత్త బాలమణి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ ఇంట పెళ్లయిన ఆడబిడ్డల ఒడిలో పోసే ఒడిబియ్యం ఎవరెవరికి పోశారని ముసలివాళ్లను అడిగితే దొరికింది. ఆడబిడ్డలను నేను వెతికే దారి అదే. ఇవాళ పుస్తకం అచ్చయి వచ్చింది. అట్టమీద నా పేరుంది, లోపల బాలమణి లేదు. పుస్తకం పట్టుకుని అతని ఇంటికే వెళ్లి అడిగాను.

"ఏంది మాధవా, నిరుడు ఒడిబియ్యం పోసిన మేనత్తను గీ ఏడు మింగినవా?"

"గట్ల గాదవ్వా. రోడ్డు పక్క భూమి అమ్ముతున్నం. ఆమె పేరుంటే సంతకం అడుగుతరు. గింత చదివినవు, గది ఎర్కలేదా?"

"ఎర్కనే. ఆమె వాటా ఎగ్గొట్టెతందుకు నా పేరే దొరికిందా?"

నవ్వి, టీ తెప్పించాడు. తాగకుండానే వచ్చాను. ఇదివరకు నేను రాసిచ్చిన వంశవృక్షాల్లో ఇంకెందరిని ఇలా నరికేశారో...

రేపు తొలి బస్సుకు మేడ్చల్ వెళ్లి, నా చేతిరాత ప్రతిలో బాలమణి ఉన్న పేజీ జిరాక్సు తీయించాలి. కింద సంతకం చేసి, ఆమె అత్తగారి ఊరు గండిమైసమ్మకు వెళ్లి ఆమె చేతికే ఇవ్వాలి. కళ్లజోడు మరవకూడదు.