ఆకలి ముల్లు తిరగబడే ఉండాలి

ముల్లు లేచింది! మీ అమ్మ పోయాక చచ్చుబడిన మన కారు మీటర్లలో మూడు ముళ్ళూ నిన్న లేచాయి, సాయంత్రానికి అక్కా తమ్ముడూ మీరిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు. ఇంతకన్నా నాకేం కావాలి? ఈ సంతోషం చల్లారకముందే వీలునామా రాసేస్తున్నాను.

ఇన్నాళ్ళూ బోర్డు పెయింటరుగా బతికి, ఇప్పుడు పెద్దమ్మాయి చేతి కాఫీ తాగుతూ కూర్చున్న నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినది రద్దు. అది కోపంలో రాసింది. అక్షరాలు వంకరపోతే అది సంతోషం వల్ల, మతి చలించి కాదు. ఊళ్ళో సగం షాపుల పేర్లు నేనే రాశాను గాని తప్పొప్పులు చూసే పని మీ అమ్మది. ఇందులో తప్పులుంటే ఆవిడ లేని లోటనుకోండి.

1. ఇల్లు, రంగుల వాసన వదలని ముందు గదితో సహా, పెద్దమ్మాయికీ అబ్బాయికీ చెరిసగం. దీని గురించి ఇంకేం చెప్పను. ఇల్లు మిమ్మల్నెప్పుడూ విడదీయలేదు.

2. విడదీసింది కారు. ఆ పాత బండికి మీటర్లు స్టీరింగు ఎదురుగా ఉండవు. డాష్‌బోర్డు నడిమధ్యన, పక్క సీటు వైపు మొహం తిప్పుకుని ఉంటాయి. అందుకే నేను రోడ్డు చూసేవాణ్ణి, మీ అమ్మ ముళ్ళు చూసేది. వేగానిది తొందర ముల్లు. ఇంజను వేడిది కోపం ముల్లు. పెట్రోలుది ఆకలి ముల్లు. "తొందర తగ్గించండి, కోపం పెరుగుతోంది" అనేది. కారు గురించి అనేదో నా గురించి అనేదో నాకిప్పటికీ తెలీదు. పెట్రోలు అయిపోయి ముల్లు అడుక్కి పడిపోతే "ఆకలి ఫుల్లుగా ఉందండీ" అనేది. ముల్లు కిందికి, ఆకలి పైకి. వెనక కొత్తవాళ్ళుంటే ట్యాంకు నిండుగా ఉందనుకుని హాయిగా నిద్రపోయేవాళ్ళు.

ఆవిడ పోయాక, చదివేవాళ్ళు లేరనేమో, ముళ్ళు ఒక్కొక్కటే పడుకున్నాయి. ఫోన్ల షాపు నడిపే మా అబ్బాయి "నాన్నా, ఆ డొక్కువన్నీ పీకేసి ఒక స్క్రీను పెట్టిద్దాం" అన్నాడు. మంచికే అన్నాడు. కోపం ముల్లు అద్దం మీద మీ అమ్మ ఎర్ర గోళ్ళరంగుతో పెట్టిన చుక్క ఉంది కదా, ముల్లు అది దాటితే బండి ఆపాలని, దాన్ని చూపించి పెద్దమ్మాయి "అమ్మ చుక్క మీద చెయ్యేశావంటే విరుస్తా" అంది. ఆ రోజు నుంచి వాడు ఈ గడప తొక్కలేదు.

3. ఆ కారు స్టీరింగు, ఇంజను, నాలుగు చక్రాలు పెద్దమ్మాయికి. లిఫ్టులు బాగుచేసే పిల్ల, వైరు కనిపిస్తే ఊరుకోదు. ఆ మీటర్లు తనే బాగుచేస్తానని కూర్చుని, ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది. సిగరెట్ బూడిద డబ్బా బయటికి లాగితే దాని వెనక రెండు స్క్రూలున్నాయి, అవి తీస్తే గాని మీటర్ల పలక కదలదు. పలక వెనక్కి నా చెయ్యి పట్టదు. నేను టార్చి పట్టుకున్నాను. అది గాజులు తీసి నా జేబులో వేసి, మణికట్టు ఒంచి, కేబులు నట్టు తిప్పింది. ఒక్క క్షణం ఆ చెయ్యి ఎవరిదో మర్చిపోయాను. టార్చి పక్కకి పోయింది. "నాన్నా, వెలుతురు!" అని కసిరింది. కసరడం కూడా అచ్చు మీ అమ్మలాగే.

ముళ్ళూ అద్దాలూ పాతవే ఉంచి, వెనక సరంజామా అంతా కొత్తది వేసింది. వెలిసిన అంకెలు నేనే దిద్దాను. తెల్ల లైట్లు పెడితే ఆసుపత్రిలా ఉందన్నాను, అవి తీసి పసుపువి పెట్టింది.

4. అదే కారులో డ్రైవరు పక్క సీటు అబ్బాయికి. నవ్వకండి, పూర్తి హక్కులతో రాస్తున్నాను.

నిన్న సంగతి అందరికీ తెలియాలి. పెట్రోలు ఎంతుందో ముల్లుకి చెప్పే, ట్యాంకులో తేలే బుడ్డి ఈ కారుది దొరక్క పెద్దమ్మాయి వేరే కారుది వేసింది. ముల్లు నిటారుగా పైకి లేచింది. ఆ ధీమాతో బయల్దేరాం, వంతెన ఎక్కుతూ బండి ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు! బుడ్డి తేడా వల్ల ముల్లు తిరగబడింది, ఖాళీని నిండుగా చూపిస్తోంది. పిల్ల మొహం మాడిపోయింది. నేను అబ్బాయికి ఫోన్ చేశాను. వాడు పెట్రోలు డబ్బాతో వచ్చాడు, అక్కకేసి చూడకుండా తల లోపలికి పెట్టి మీటరు చూశాడు. చూసి గట్టిగా నవ్వాడు. "అక్కా, పాడవలేదే! అమ్మ చెప్పినట్టే చూపిస్తోంది. ఆకలి ఫుల్లుగా ఉంది!" అన్నాడు. పెద్దమ్మాయి రోడ్డు పక్కనే కూలబడి నవ్వింది, తర్వాత ఏడ్చింది, మళ్ళీ నవ్వింది.

కనుక నా షరతు: ఆ ముల్లుని ఎవరూ సరిచేయకూడదు. దాన్ని పైకి చదివే మనిషి పక్కన లేకుండా బండి తీయకూడదు. చదివేవాడు అబ్బాయి. కోపం ముల్లు చుక్క దాటితే ఇద్దరూ దిగి, చల్లబడేదాకా పక్కపక్కన నిలబడాలి.

5. పలక వెనక బల్బు ఊడిపోకుండా మీ అమ్మ దోపిన తలపిన్ను దొరికింది. అది కోడలికి. మీ గొడవలో ఏ పక్షమూ పట్టకుండా, కంట్లో చుక్కలు వేసుకున్నానా లేదా అని నన్ను ఫోన్లో అడుగుతూనే ఉన్న పిల్ల.

6. తెగిపోయిన పాత తొందర కేబులు నా బావమరిదికి. మీ అమ్మ పోయాక పెళ్ళిచూపులకని బండి అడిగి తీసుకెళ్ళి దాన్ని తెంపింది ఆయనే. "బావా, నీ బండిలో అన్నీ ముళ్ళేనయ్యా, ఒక్క పువ్వు లేదు" అని ఎగతాళి కూడా. పువ్వు పక్క సీట్లో కూర్చునేది, ఆయన చూసుకోలేదు. వెనక సీట్లో కూర్చోవచ్చు. ముందుకి రాకూడదు.

ఇది అమలు చేసే బాధ్యత ఎదురింటి మందుల షాపాయనది.

2025 నవంబరు 9, ఆదివారం.
సంతకం: మీ నాన్న (బోర్డు పెయింటరు)

సాక్షులు: ఎదురింటి మందుల షాపాయన, "ఒక్క నిమిషం" అనే పేరు పడ్డ రిటైరైన పోస్ట్‌మాన్. ఆయన నిజంగానే గంట ఆలస్యంగా వచ్చి సంతకం పెట్టాడు.

ముళ్ళు లేచాయని వెంటనే చెప్పవలసిన వాళ్ళు:
మా చెల్లెలికి, గట్టిగా, ఎడమ చెవిలో.
మా బావగారికి, చెల్లెలు చెప్పేలోపే.
పెద్దమ్మాయి అత్తగారికి, స్క్రీను మంచిదని ఆవిడా అంది గనక.
పిన్నమ్మ కొడుకులిద్దరికీ, ఒకేసారి, లేకపోతే అలుగుతారు.
బావమరిదికి, కేబులు చేతికిచ్చాక.
మీ అమ్మకి మాత్రం ఎవరూ చెప్పకండి. నేను వెళ్ళినప్పుడు నేనే చెబుతాను. ఆకలి ఎంతుందని ముందు తనే అడుగుతుంది.